1323లో తగలబడ్డ ఊరని బోర్డు పెట్టొచ్చా? (పాటిగడ్డ చర్చ)

నక్షావాలా

హైదరాబాద్ ఓఆర్ఆర్ దాటి తూర్పుకు పోతే ఒక బేచిరాగ్ ఊరు ఉంది. పేరు, సర్వే నంబర్లు ఇక్కడ రాయను. గుప్తనిధుల వాళ్లు కూడా ఇలాంటి చర్చలే వెతుక్కుని చదువుతారు. రెవెన్యూ రికార్డులో ఊరుంది, జనాభా లెక్కల్లో దానికో కోడ్ ఉంది, జనం సున్నా.

నేల మీద ఉన్నది ఇదీ: సుమారు నాలుగెకరాల పాటిగడ్డ (పాత ఊరు పడి మిగిలిన దిబ్బ), నడిమధ్యలో ఛాతీ ఎత్తు. బూడిద రంగు మన్ను, ఎక్కడ కాలు పెట్టినా పెంకులే. విరిగిన ఇసుర్రాళ్లు, ఒక గానుగ రాయి, రెండు వీరగల్లులు (పోరులో చచ్చిన వీరుల గుర్తు రాళ్లు), చింతల కింద పోచమ్మ. దక్షిణాన చెరువు కట్ట, దానికి పెద్ద గండి. ఉత్తరం అంచున పాటిమన్ను (చేలకు తోలే గడ్డ మన్ను) కోసం జేసీబీతో కోసిన గోడ, అందులో ఒకచోట ఎర్రగా కాలిన పట్టీ.

పక్క ఊరి పిల్లలు చందాలు వేసుకుని బోర్డు చేయిస్తున్నారు. "కాకతీయుల కాలం నాటి ఊరు. 1323లో ఓరుగల్లు పడిపోయినప్పుడు ఢిల్లీ దండు తగలబెట్టింది" అని రాయిస్తారట. కాలిన పట్టీయే సాక్ష్యం అంటున్నారు. బోర్డుంటే వెంచర్ల వాళ్లు కొంచెం జంకుతారు, ఆ మేరకు మంచిదే. కానీ ఈ మాట నిలబడుతుందా? లేకపోతే ఏం చూస్తే తేలుతుంది?

పెంకులపోగు

నిలబడదు భాయ్. ఊరు ఎప్పుడు ఆగిందో చెప్పేది అన్నిటికంటే కొత్త పెంకు. అందరూ ఏం చేస్తారంటే ఏ రకం ఎక్కువ కనబడితే ఆ కాలమే ఊరి కాలం అనేస్తారు. ముతక ఎర్రకుండలు, నల్లకుండలు మన వైపు కాకతీయుల కంటే ముందూ ఉన్నాయి, కుతుబ్‌షాహీల తర్వాతా ఉన్నాయి. కుండ పొట్ట ముక్క చూసి శతాబ్దం చెప్పేవాళ్లను నమ్మకండి. మూతి అంచులు, అడుగులు, గీతలో ముద్రలో ఉన్న ముక్కలు, ఇవే పనికొచ్చేవి.

ముందు వెతకాల్సింది చేతి గాజుల ముక్కలు. ఒక రంగు మీద ఇంకో రంగు అతికి చేసిన గాజులు దక్కన్‌లో బహమనీల కాలపు పొరల్లో విరివిగా దొరుకుతాయి. బహమనీ రాజ్యం మొదలైందే 1347లో. తర్వాత పొగ తాగే మట్టి చిలుములు. పొగాకు మనకు పోర్చుగీసు వాళ్లతో వచ్చింది. అసద్ బేగ్ దాన్ని బీజాపూర్ నుంచి అక్బర్ దర్బారుకు తీసుకెళ్లింది 1604లో. చిలుం ముక్క దొరికిందంటే అక్కడ 1600 ప్రాంతంలోనో ఆ తర్వాతో మనుషులు పొగ తాగుతూ కూర్చున్నట్టే. 1323 మాట అక్కడితో సరి.

పద్ధతి: పదేసి మీటర్ల గళ్లు తాడుతో వేయండి. ప్రతి మూలలో మేకు కొట్టి, దానికి రెండు మీటర్ల తాడు కట్టి చుట్టూ తిప్పండి. ఆ గుండ్రంలో ఉన్న ప్రతి పెంకూ లెక్కలోకి రావాలి, అందంగా ఉన్నవి మాత్రమే కాదు. చక్కటి ముక్కలే ఏరితే లెక్క మొత్తం పాడవుతుంది, ఎందుకంటే మామూలు వంటకుండ ఎంత, కొనుక్కొచ్చిన సరుకెంత అన్న నిష్పత్తే ఊరి స్థితిని చెప్పేది. మూతి ముక్కలకు పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసి, అన్నీ ఎక్కడివి అక్కడే వదిలేయండి. చీటీలు పెన్సిల్‌తో రాయండి, పెన్ను సిరా తడికి పోతుంది. దుక్కి దున్ని, తొలకరి రెండు వానలు పడి, కలుపు మొలవకముందు ఉండే కొద్ది రోజులే దీనికి అదను. దుమ్ములో అన్ని పెంకులూ ఒకే రంగులో ఉంటాయి.

పొర_పొరా

పెంకులపోగు గారి లెక్కలో ఒక బొక్క ఉంది. పైన దొరికే చిలుం ఊరివాళ్లదే అని ఎవరన్నారు? ఊరు లేచిపోయిన తర్వాత పాటిగడ్డ ఖాళీగా ఉండదు. మెరక, చింతల నీడ, పక్కనే నీళ్లు. గొర్లమందలు దిగుతాయి, కాపరులు నెలల తరబడి ఉంటారు. వాళ్లు పారేసిన చిలుం ముక్క పైనే ఉంటుంది, నాగలి తగిలి ఇంకాస్త కిందికి పోతుంది. దాన్ని పట్టుకుని "ఊరు 1600 దాకా ఉంది" అంటే, అది కూడా బోర్డు రాసే పిల్లలు చేసిన పనే.

పొరలు చూడకుండా కారణం తేలదు. అదృష్టమో దురదృష్టమో జేసీబీ గోడ ఉంది. దాన్ని వాడుకోండి. మీటరు వెడల్పున తాపీతో పైపొర మాత్రం గీకండి, లోపలికి తవ్వొద్దు. పిచికారీతో నీళ్లు కొట్టండి, తడికి రంగుల తేడా పైకొస్తుంది. నీడలో ఫోటో తీయండి, ఎండ పడితే బూడిద పొరా మన్ను పొరా ఒకటే అయిపోతాయి. గోడలో పొడుచుకొచ్చిన కుండను లాగొద్దు. లాగితే ఆ బొక్కలోంచి పై మన్ను జారి కింది పొరలో కలుస్తుంది, తర్వాత ఎవరొచ్చినా తప్పే చదువుతారు.

ఇక ఎర్ర పట్టీ. కాలిన పట్టీ అనగానే దండు అనొద్దు. పొయ్యి అడుగు కూడా ఎర్రగానే కాలుతుంది, కానీ దాని వెడల్పు జానెడో మూరెడో, పైన మెత్తటి తెల్ల బూడిద. కుమ్మరి ఆవమైతే వంకరపోయిన, అతుక్కుపోయిన పెంకులుంటాయి. ఇల్లు కాలితే ఉండే గుర్తు వేరు: ఇటుక రంగుకి మారిన గోడమన్ను గడ్డలు, వాటికి ఒక వైపు చేత్తో మెత్తిన నునుపు, రెండో వైపు తడక పుల్లలు కాలిపోగా మిగిలిన వేలు మందం గాళ్లు, గడ్డిపోచల అచ్చులు. అలాంటి గడ్డ ఒక్కటి కనబడినా అది ఇల్లే. అప్పటికీ దండే అనలేం. గడ్డి కప్పుల ఊళ్లలో ఎండాకాలం నిప్పురవ్వకు ఒక వాడే పోతుంది, నెల తిరగకుండా మళ్లీ కడతారు. పట్టీ పైన మళ్లీ పేడ అలికిన నేల ఉందా? ఉంటే ఊరు బతికే ఉన్నట్టు. గడ్డకు మూడు నాలుగు చోట్ల, ఒకే మట్టంలో, పైన ఇంకే నివాసపు పొరా లేకుండా కాలిన గుర్తు ఉంటేనే ఊరంతా ఒకేసారి పోయిందని అనుమానించాలి. అది చూడాలంటే వారసత్వ శాఖ అనుమతితో తవ్వాల్సిందే. రెండు మీటర్ల చదరపు గుంటలు నాలుగు చాలు.

పెంకులపోగు

> పైన దొరికే చిలుం ఊరివాళ్లదే అని ఎవరన్నారు?

అందుకే గళ్లు వేయమన్నది. మంద దిగిన చోట ముక్కలు ఒకటి రెండు గళ్లలో గుమిగూడుతాయి. ఊరు నడిచి ఉంటే నాలుగెకరాల్లో పరుచుకుని ఉంటాయి, వాటి తోడుగా అదే కాలపు వంటకుండల మూతులుంటాయి. కాపరి తన వెంట గాబు, ఇసుర్రాయి మోసుకు తిరగడు కదా.

సరే, తవ్వారే అనుకుందాం. తేదీ ఎలా తీస్తారు? బొగ్గు పంపి కార్బన్ పరీక్ష చేయిస్తారు. మన తగాదా 14వ శతాబ్దం గురించి. ల్యాబు అంకెను క్యాలెండర్ ఏళ్లతో సరిచూసుకునే వక్రరేఖ ఆ శతాబ్దంలో కింద పడి మళ్లీ లేస్తుంది. 600 బీపీ (1950 నుంచి వెనక్కి లెక్కించే కార్బన్ ఏళ్లు) అని ల్యాబు జవాబిస్తే అది 1300-1370 మధ్యా కావచ్చు, 1380-1410 మధ్యా కావచ్చు. అంటే 1323 నాటి దండా, 1396లో మొదలైందని చెప్పుకునే దుర్గాదేవి కరువా అన్నది ఆ కాగితం తేల్చలేదు. ఖర్చుపెట్టి తవ్వినా మీరు మళ్లీ నా పెంకుల దగ్గరికే రావాలి.

పొర_పొరా

ఒక్క నమూనా పంపితే అంతే. కింది నుంచి పైకి వరుస పొరల్లో నాలుగైదు పంపితే, పొరల క్రమం తెలుసు కాబట్టి వీలుకాని ముక్కలు రాలిపోతాయి. ఇంకోటి, బొగ్గు పంపకూడదు. దూలం చెక్క ఇల్లు కట్టేనాటికే వందేళ్ల చెట్టుదై ఉండొచ్చు. మాడిన గింజ పంపాలి, అది ఒక్క పంటదే.

గింజలు తీసే పని బకెట్‌తో అయిపోతుంది. పాతరలో మన్నో, పొయ్యి బూడిదో పది లీటర్లు కొలిచి నీళ్లలో నెమ్మదిగా కలపండి. మాడిన గింజలు తేలతాయి. తేలినదాన్ని అర మిల్లీమీటరు జల్లెడలోకి వంపి, బట్టలో మూటగట్టి నీడలోనే ఆరబెట్టాలి. ఎండలో పెడితే గింజ పగిలి పిండవుతుంది. మన్నును బకెట్‌లో గట్టిగా పిసికినా అంతే. జొన్న, సజ్జ, కొర్ర, కంది, ఉలవ వేరువేరుగా లెక్కపెడితే పైపొరల్లో వరి తగ్గి మెట్టపంటలు పెరిగాయా అన్నది కూడా తెలుస్తుంది. ఆ ముక్క పైన ఏరిన పెంకులు చెప్పలేవు.

తూముకాడ

మీ ఇద్దరూ గడ్డ మీదే ఉన్నారు. ఒకసారి దిగి చెరువు దగ్గరికి రండి.

తెలంగాణ ఊరు బతికేది గొలుసుకట్టు చెరువుల మీద. దండు వచ్చి పోతుంది, జనం గుట్టల్లోకి పోయి వారానికి తిరిగొస్తారు. ఓరుగల్లు 1323లో పడినా ఇటువైపు సేద్యం ఆగలేదు. అదే శతాబ్దంలో రాచకొండ, దేవరకొండల్లో రేచర్ల వెలమ ప్రభువులు నిలదొక్కుకున్నారు. పన్ను కట్టే ఊళ్లు లేకుండానే కోటలు లేచాయా? కానీ చెరువు పోతే తిరిగి రావడానికి ఏమీ మిగలదు.

గండిని చదవొచ్చు. తూము పక్కనే తెగితే, నీళ్లు తూము రాళ్ల వెంబడి లోపల దారి చేసుకున్నాయి. చెట్ల వేళ్లు, ఎలుక బొక్కలు దీనికి మామూలు కారణం. పాత వాగు నడిచిన లోతట్టులో తెగితే కట్ట అక్కడ కుంగి పైనుంచి పొర్లింది. మత్తడి (ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే అలుగు) పక్కన తెగితే చాలాసార్లు మనుషుల పనే: ఇంకో మడి పారుతుందని రైతులు మత్తడి మీద రాళ్లు పేర్చి నీటిమట్టం పెంచుతారు, పెద్ద వానకు నీళ్లు పోయే దారి లేక కట్ట మీదికి ఎక్కుతాయి.

అసలు పరీక్ష తూము గడప దగ్గర. తూము అడుగు రాయి మట్టం, చెరువు లోపలి పూడిక మట్టం, రెండూ కొలవండి. మేస్త్రీలు వాడే పారదర్శక నీళ్ల గొట్టం చాలు, డంపీ లెవెల్ అక్కర్లేదు. గొట్టంలో గాలి బుడగ ఉంటే జానెడు తేడా వస్తుంది, అది మాత్రం చూసుకోండి. పూడిక తూము గడప దాటి పైకి ఉంటే, గండి పడకముందే చెరువు మెల్లగా చచ్చిపోయింది. ఆయకట్టు ఏటికేడు తగ్గి, జనం ఒక్కో కుటుంబంగా జారుకుని ఉంటారు. గడప కంటే పూడిక బాగా కిందికి ఉంటే, నిండుగా పనిచేస్తున్న చెరువు ఒక్క రాత్రిలో పోయినట్టు. గండి పడ్డాక లోపల వాగు కోసుకుంటుంది కాబట్టి ఆ కోత పక్కన కాకుండా చెక్కుచెదరని మెట్టలాంటి చోట కొలవాలి. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో 46 వేలకు పైగా చెరువుల పూడిక తీయాలని పెట్టుకున్నారు. ఈ చెరువు ఆ జాబితాలో ఉందేమో ముందు కనుక్కోండి. ఉంటే ఇప్పుడున్న మట్టం ఎందుకూ పనికిరాదు.

పొర_పొరా

తూముకాడ అన్నా, గండి కారణమా, ఫలితమా? కట్టకు ఏటా మన్ను పోసి, కంపలు కొట్టి, బొక్కలు పూడ్చే మనుషులుండాలి. దశబంధం మాన్యం (చెరువు బాగు చూసేవాడికిచ్చే భూమి) తినేవాడు ఊళ్లో లేకపోతే, నాలుగు వానాకాలాలు నిలుస్తుందా? జనం వేరే కారణంతో పోయి, ఆ తర్వాత కట్ట తెగి ఉండొచ్చు.

ఇంగ్లండ్‌లో వారం పెర్సీ అనే ఊరి సంగతి ఇలాగే అయింది. 1348-49 ప్లేగుతో పాడుబడిందని చాలామంది నోట ఉన్న మాట. 1950 నుంచి 1990 దాకా ఏటా తవ్వితే, ప్లేగు తర్వాత కూడా నూటయాభై ఏళ్ల దాకా జనం ఉన్నారని, చివరికి 1500 ప్రాంతంలో పొలాలను గొర్రెల మేతకు మళ్లించడంతో ఖాళీ అయిందని తేలింది. పెద్ద పేరున్న విపత్తు ఒకటి పక్కనే కనబడితే చాలు, ఊరి చావు దాని ఖాతాలో రాసేస్తారు.

తూముకాడ

ఫలితం కావచ్చు. అందుకే గండిని ఒక్కదాన్నే చూడొద్దు. గండి చుట్టూ లోపలివైపు వంపుగా తిరిగిన చిన్న కట్ట ఉందా? ఉంటే తెగిన తర్వాత కూడా జనం ఉండి మళ్లీ కట్టుకున్నారు. కట్ట రాతిపరుపులో రెండు రకాల పని ఉందా, కింద పెద్ద చెక్కుడు రాళ్లు, పైన పొలాల్లో ఏరిన గుండ్లు? ఊళ్లో బావులు చూడండి. చెరువు పోయాక నిలబడాలనుకున్న ఊరు బావులు తవ్వుకుంటుంది, ఉన్నవి లోతు చేస్తుంది. మోట రాళ్లకు తాడు ఒరిసిన గాళ్లు లోతుగా ఉంటే ఆ బావి ఏళ్ల తరబడి పొలానికి నీళ్లిచ్చింది. బావులూ లేక, వంపు కట్టా లేకపోతే మీ మాటే: ముందు జనం, తర్వాత చెరువు.

గెట్టురాయి

ఇంతసేపూ ఊరు చచ్చిపోయిందనే మాట్లాడుతున్నారు. బేచిరాగ్ ఊళ్లలో చాలావాటి సంగతి అది కాదు. జనం కిలోమీటరో రెండో జరుగుతారు. పేరు, శివారు పాతచోటే రికార్డులో ఉండిపోతాయి.

తేల్చే మార్గం సులువు. చింతల కింది పోచమ్మకు ఇప్పుడు బోనం ఎవరు తెస్తున్నారు? పక్క ఊరి నుంచి ఫలానా ఇంటిపేరు వాళ్లే ముందు ఎక్కించాలనే కట్టు ఉంటే, ఆ ఇంటిపేరు వాళ్లు ఇక్కడినుంచి లేచిపోయినవాళ్లయ్యే వీలు ఎక్కువ. ఆ కుటుంబాల తాతల నాటి భూములు పాటిగడ్డ చుట్టూనే ఉన్నాయేమో ఖాస్రా పహాణీలో (1954-55 నాటి భూమి రికార్డు) చూడండి, సేత్వార్ (పాత సర్వే రిజిస్టరు) దొరికితే ఇంకా వెనక్కి పోవచ్చు. టీపన్‌లలో (సర్వే కొలతల పటాలు) పాత బండ్లబాట ఎటు పోతుందో కూడా చూడండి. బాటలు ఊరు జరిగినా అంత తొందరగా జరగవు. నాలుగు బాటలు ఖాళీ గడ్డ దగ్గర కలుస్తుంటే అక్కడ ఊరున్నట్టే. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 షీట్ మీదా, అమెరికా వాళ్లు 1995లో బయటపెట్టిన కరోనా ఉపగ్రహ ఫోటోల్లోనూ (1960ల నాటివి) వెంచర్లు రాకముందు నేల కనబడుతుంది.

పెంకులపోగు

ఇది బాగుంది. ఒక హెచ్చరిక: గడ్డ చుట్టూ పొలాల్లో పెంకులు పలచగా అర కిలోమీటరు దాకా ఉంటాయి. అదంతా ఊరే, "పెద్ద పట్నం" అని రాసేస్తారు. పాటిమన్ను బండ్లకెత్తి చెల్కల్లో చల్లితే పెంకులూ దాంతో పోతాయి. అలాంటి ముక్కలు చిన్నవి, అంచులు అరిగి గుండ్రంగా ఉంటాయి. గడ్డ మీదివి పెద్దవి, అంచు చేతికి గుచ్చుకుంటుంది.

ఊరున్న మేర తేల్చడానికి మన్నులో భాస్వరం పరీక్ష అంటారేమో, ఇక్కడ జాగ్రత్త. 5 గ్రాముల అమ్మోనియం మాలిబ్డేట్ 100 మి.లీ. డిస్టిల్డ్ నీళ్లలో కరిగించి 30 మి.లీ. 5 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపితే ఒక ద్రావణం. అర గ్రాము ఆస్కార్బిక్ ఆమ్లం 100 మి.లీ. నీళ్లలో, ఇది రెండోది, ఏ రోజుకారోజు కలుపుకోవాలి. వడపోత కాగితం మీద చిటికెడు మన్ను, మొదటిది రెండు చుక్కలు, అర నిమిషం ఆగి రెండోది రెండు చుక్కలు. రెండు నిమిషాల్లో నీలం ఎంత పాకిందో చూడాలి. కానీ డీఏపీ వేసిన చేను పైమన్ను ఎక్కడైనా నీలమే. మూరెడు లోతునుంచి, ఆగరుతో (నేలలోకి తిప్పే బరమా) తీసిన మన్నే వాడండి, భాస్వరం అంత తొందరగా కిందికి దిగదు.

నిర్వాహకులు

ఒక్క మాట చెప్పి తప్పుకుంటాం. అనుమతి లేకుండా గుంట తవ్వడం గురించి ఇక్కడ ఎవరూ సలహా ఇవ్వొద్దు. నేలలో పాతి ఉన్నది పది రూపాయల విలువ దాటితే కలెక్టర్‌కు తెలపాలని 1878 నాటి నిధుల చట్టమే చెబుతోంది. తెలంగాణలో 2017 వారసత్వ చట్టం కూడా ఉంది. పట్టా భూమైతే పట్టాదారు ఒప్పుకోలు లేకుండా గళ్లు కూడా వేయకండి. ఆగరు బొక్కకూ ముందు శాఖను అడగండి.

నక్షావాలా

అందరికీ దండం. ఇప్పటికి తెలిసినంత: బోనం మొదట ఎక్కించేది పక్క ఊళ్లో ఒకే ఇంటిపేరు వాళ్లు. చెరువు మిషన్ కాకతీయ జాబితాలో లేదు. గండి మత్తడి వైపే, వంపు కట్ట జాడ లేదు. ఎర్ర పట్టీ బారెడు కూడా లేదు, దాని పైన మళ్లీ అలికిన నేల పొరలు రెండు కనబడుతున్నాయి. పిల్లలతో మాట్లాడితే 1323 తీసేయడానికి ఒప్పుకున్నారు కానీ "కాకతీయుల" అన్న మాట మాత్రం వదిలేది లేదంటున్నారు.

పొర_పొరా

అలికిన నేల ఉందంటే తగలబెట్టిన కథ ముగిసింది. "కాకతీయుల" ఎందుకు? వీరగల్లుల మీద శాసనం ఉందా? లేకపోతే "మధ్యయుగపు వ్యవసాయ గ్రామం" చాలు.

తూముకాడ

చాలదు. "మధ్యయుగపు" అంటే వెంచర్ వాడికి ఏం అర్థమవుతుంది? "పాత ఊరు, చెరువు, పోచమ్మ: ఇక్కడ మన్ను తీయరాదు" అని రాయించండి. చెరువుకైతే ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు నిలిచే మేర) హద్దు అడ్డం పడుతుంది, గడ్డకు ఆ హద్దు కూడా లేదు. కాలం సంగతి తూము కొలిచాక చూద్దాం.

గెట్టురాయి

బోర్డు కంటే ముందు వారసత్వ శాఖకు దరఖాస్తు పెట్టండి. అక్షాంశ రేఖాంశాలు, సర్వే నంబరు, గడ్డ నాలుగు వైపుల ఫోటోలు, జేసీబీ గోడ ఫోటో స్కేలుతో, వీరగల్లులు ఒక్కొక్కటి ఎదురుగానూ పక్కగానూ. కలెక్టరేట్‌లో ఒక కాపీ ఇచ్చి రసీదు తీసుకోండి. ఆ ఇంటిపేరు వాళ్ల చేత సంతకాలు పెట్టిస్తే దాని బరువే వేరు.

పెంకులపోగు

నక్షావాలా భాయ్, గళ్లు వేశారా లేదా? చిలుం సంగతి ఇంకా చెప్పలేదు.

నక్షావాలా

రెండు గళ్లలో దొరికాయి, రెండూ చింతల కిందే. మిగతా గడ్డంతా చూడాలి. పట్టాదారు పత్తి పెడతానంటున్నాడు, దుక్కి అయ్యాక రమ్మన్నాడు.

పొర_పొరా

చింతల కిందేనా? కాపరులు.

పెంకులపోగు

మిగతా గళ్లు రానివ్వండి సార్.